తాబేలు డిప్ప మీద పొరలు లేస్తున్నాయి, నూనె రాయొచ్చా?

నూనె మాత్రం రాయకండి. మీ రెడ్ ఇయర్డ్ స్లైడర్ (చెవుల దగ్గర ఎర్రటి చార ఉండే నీటి తాబేలు) డిప్ప మీద పొరలు లేస్తూ అక్కడక్కడా తెల్లగా కనిపిస్తోందన్నారు. అది మామూలుగా పొర ఊడటమా, డిప్ప కుళ్లడమా అన్నది ముందు తేల్చుకోవాలి. నేనూ ఇదే రకాన్ని ఏళ్లుగా పెంచుతున్నాను.

పెరిగే స్లైడర్లు డిప్ప మీది పాత పలకలు వదిలేస్తుంటాయి. ఊడిన పలకను వెలుతురుకి ఎత్తి చూస్తే ఉల్లిపొరలా పల్చగా, వెనక వేలు కనిపించేలా ఉంటుంది. దాని కింద కొత్త పలక గట్టిగా, శుభ్రంగా ఉంటుంది. సగం ఊడినదాన్ని గోటితో పీకొద్దు, దానంతటదే రాలుతుంది. అలా కాకుండా మచ్చ దగ్గర మెత్తబడినా, గుంటపడినా, వాసన వచ్చినా, పొట్టవైపు ఎర్రటి జీర కనిపించినా ఆలస్యం చేయకుండా సరీసృపాలను చూసే వెటర్నరీ డాక్టర్‌కి చూపించండి. పైన కనిపించేవి కెరటిన్ (మన గోళ్లలో ఉండే పదార్థం) పలకలే. వాటి కింద ఉన్నది వెన్నెముక, పక్కటెముకలు కలిసిపోయిన సజీవమైన ఎముక. కుళ్లు అక్కడిదాకా దిగితే కష్టం. నూనె పైన జిడ్డుగా నిలిచి మురికిని పట్టుకుంటుంది, నీళ్లనూ పాడుచేస్తుంది. మెరుపు కోసం అమ్మే క్రీములూ నాకైతే దండగే.

నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యం ఎండపొడకు కూర్చునే మెట్టు. మా తాబేలు ఎక్కి కాసేపయ్యాక దాని పొట్ట కింద వేలు పెట్టి చూస్తుంటాను. తడి తగిలితే మెట్టు ఇంకాస్త పైకి జరపాల్సిందే. ఒళ్లంతా పూర్తిగా ఆరకపోతే ఫంగస్, బ్యాక్టీరియా చేరతాయి. అక్కడ వేడి 32 నుంచి 35 డిగ్రీలు, నీళ్లు 25 డిగ్రీల దగ్గర ఉంటే చాలు.

పైన యూవీబీ (ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత కిరణాలు) ఇచ్చే బల్బు తప్పనిసరి. అది లేకపోతే విటమిన్ డి3 తయారవదు, తిన్న కాల్షియం ఒంటికి పట్టదు, డిప్ప మెత్తబడుతుంది. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ లెక్కలోకి రాదు, అద్దం యూవీబీని ఆపేస్తుంది. బల్బు వెలుగుతూనే ఉన్నా దానిలోని యూవీబీ తగ్గిపోతుంది కాబట్టి రకాన్ని బట్టి 6 నుంచి 12 నెలలకోసారి మార్చాలి. అలాగని గాజు ట్యాంకును నేరుగా ఎండలో పెట్టకండి, నీళ్లు కాగిపోతాయి!

తిండికి మంచి పెల్లెట్లు (తాబేళ్ల కోసం అమ్మే గుళికల మేత), ఆకుకూరలు. పాలకూర రోజూ వద్దు, అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేస్తాయి. ఎండు రొయ్యల మీదే పెంచకండి. నీళ్లలో ఒక కటిల్‌బోన్ (కటిల్‌ఫిష్ అనే సముద్రజీవి లోపలి సున్నపు పెంకు) ముక్క వేస్తే అదే కొరుక్కుంటుంది. పాచి పడితే మెత్తటి టూత్‌బ్రష్, ఉత్త నీళ్లు చాలు. తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోండి, సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా భయం ఉంటుంది.

ఈలోగా డిప్ప పైన, కింద రెండువైపులా ఒకే వెలుతురులో ఫోటోలు తీసి ఉంచండి. మచ్చ పెరిగిందో లేదో చెప్పడానికి డాక్టర్‌కి అవే పనికొస్తాయి.