పుట్టింగ్ గ్రీన్ వేసేముందు గడ్డి కాదు, దాని కింద నేల చూసుకోండి

తిరుపతిలో ఇంటి వెనక 10 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు స్థలం ఉందన్నారు. ఇసుక పరిచి మీద ఆర్టిఫిషియల్ గడ్డి వేస్తే పుట్టింగ్ గ్రీన్ (గోల్ఫ్‌లో బంతిని మెల్లగా దొర్లించి గుంటలో వేసే గడ్డి నేల) అయిపోతుందని మేస్త్రీ చెప్తున్నాడు, సరిపోతుందా అని అడిగారు. సరిపోదండీ. మేమూ అలాగే వేసి, నాలుగు నెలల్లో మొత్తం పీకి మళ్ళీ వేసుకున్నాం.

మా నాన్నగారు బెంగళూరులో ఉద్యోగం చేసేటప్పుడు గోల్ఫ్ నేర్చుకున్నారు. రిటైరై తిరుపతి వచ్చేశాక కూడా ఆ ఆట మీద మనసు పోలేదు. పుట్టింగ్ అయినా ఇంట్లో ఆడుకుంటారని 2021 సెప్టెంబరులో పెరట్లో గ్రీన్ వేయించాం. నేల చదును చేసి, రెండంగుళాల ఏటి ఇసుక పోసి, తడిపి, దిమ్మిసతో కొట్టి, మీద గడ్డి పరిచారు. రెండు నెలలు చక్కగా ఉంది. నవంబరులో తిరుపతి వీధులన్నీ ఏరులై పారిన వాన మీకూ గుర్తుండే ఉంటుంది. నీళ్ళు పోయాక చూస్తే గడ్డి కింద ఇసుక ఒక మూలకి కొట్టుకుపోయింది, నడిమధ్యలో తట్టంత పల్లం పడింది. నాన్న ఆరడుగుల దూరం నుంచి కొడితే బంతి నేరుగా వచ్చి, ఆ పల్లం అంచు తగలగానే ఎడమకి ఒరిగి, లోపలికి దొర్లి ఆగిపోయేది. ఎటునుంచి కొట్టినా అక్కడికే చేరేది. ఆయన ఏమీ అనకుండా పుట్టర్ (బంతిని దొర్లించే కర్ర) గోడకి ఆనించి లోపలికి వెళ్ళిపోయారు. అది చూసి నాకు చాలా బాధేసింది.

గోల్ఫ్ బంతి 46 గ్రాములు కూడా ఉండదు. కప్పు, అంటే బంతి పడాల్సిన గుంట, దగ్గరికి వచ్చేసరికి వేగం పూర్తిగా తగ్గిపోయి ఉంటుంది కాబట్టి, మన కాలికి తెలియని పల్లం కూడా దానికి తెలిసిపోతుంది. అందుకే మీ బడ్జెట్‌లో ముందు నేలకి డబ్బు పక్కన పెట్టండి, మిగిలిందాంట్లో గడ్డి చూడండి.

రెండోసారి ఆరంగుళాలు తవ్వించాం. అప్పుడు తుంగ గడ్డలు బయటపడ్డాయి. తుంగని తేలిగ్గా తీసుకోకండి, దాని మొలక సూదిలా కింద వేసిన గుడ్డని, పైన గడ్డినీ పొడుచుకుని వస్తుంది. మొదటిసారి మాకు అలాగే రెండుచోట్ల పైకి వచ్చింది. ఓపిగ్గా గడ్డలు ఏరించాక, మట్టి మీద జియోటెక్స్‌టైల్ గుడ్డ పరిచాం. అది లేకపోతే వానలకి కింది బురద కంకరలోకి ఎక్కుతుంది. దానిమీద 20 ఎంఎం కంకర మూడంగుళాలు, ఆపైన క్రషర్ డస్ట్ (కంకర కొట్టే చోట వచ్చే రాతి పొడి) రెండంగుళాలు. డస్ట్ ఒకేసారి పోయించకండి. అంగుళం పోసి, తడిపి, ప్లేట్ కంపాక్టర్ (నేలని అదిమే యంత్రం)తో అణచి, మళ్ళీ అంగుళం. డస్ట్‌లో పెద్దా చిన్నా రేణువులు కోణాలతో ఉంటాయి, ఒకదాన్నొకటి పట్టుకుని గట్టిపడతాయి. ఏటి ఇసుక గుండ్రంగా ఉండి జారిపోతుంది. వాలు ఇంటి గోడవైపు కాకుండా కాలువ వైపు ఉండాలి, 20 అడుగులకి రెండున్నర అంగుళాలు చాలు. ట్యూబ్ లెవెల్ (నీళ్ళు నింపి మట్టం చూసే గొట్టం)తో మీ కళ్ళెదుటే చూపించమనండి. అందం కోసం మధ్యలో గుట్టలు పెట్టిస్తామంటే వద్దనండి, చిన్న గ్రీన్‌లో బంతి వాటిమీద ఆగదు.

గడ్డి విషయానికొస్తే, షాపుల్లో ముందుగా చూపించేది బాల్కనీలకి వేసే 35, 40 ఎంఎం రకం. చేతికి మెత్తగా ఉంటుంది, బంతి మాత్రం అందులో కూరుకుపోతుంది. పుట్టింగ్‌కి 10 నుంచి 15 ఎంఎం ఎత్తుతో, బాగా ఒత్తుగా ఉన్న రకం అడగండి. మాకు వచ్చిన రోల్ 2 మీటర్ల వెడల్పు. మీకూ అదే దొరికితే 10 అడుగులకి అతుకు తప్పదు. రెండు ముక్కల పోగులూ ఒకేవైపుకి వాలి ఉండాలి, అతుకు కప్పుకి ఎదురుగా రాకూడదు.

గడ్డి పోగుల మధ్య నింపడానికి కూడా ఏటి ఇసుక వద్దు, అందులోని ఒండ్రు గట్టిపడి పెచ్చు కడుతుంది. గూడూరు, చిల్లకూరు వైపు సిలికా ఇసుక దొరుకుతుంది, కడిగి ఎండబెట్టింది తెప్పించుకోండి. కొంచెం కొంచెం చల్లుతూ బ్రష్‌తో లోపలికి దిగేలా రుద్దాలి. ఇది ఒక్కరోజు పని కాదు. గ్రీన్ వేగం కొలవడానికి స్టింప్‌మీటర్ అని 36 అంగుళాల బద్ద వాడతారు. దానిమీద గాడిలో బంతి పెట్టి మెల్లగా ఎత్తితే, సుమారు 20 డిగ్రీల దగ్గర అది జారి నేల మీద దొర్లుతుంది. ఎన్ని అడుగులు దొర్లితే అదే లెక్క. మేం అల్యూమినియం చానల్‌తో అలాంటిదే చేసుకున్నాం. ఇసుక పోయకముందు 7 వచ్చింది, నింపి రోలర్ తిప్పాక 9 దాటింది. ఆ రోజు నాన్న ముఖం వెలిగిపోయింది.

కప్పు వెడల్పు 108 ఎంఎం, లోతు కనీసం 4 అంగుళాలు. ప్లంబర్ 110 ఎంఎం పైపు ముక్క పెడతానంటాడు, కానీ దాని లోపలి వెడల్పు 108 రాదు. అసలు కప్పే తెప్పించి, అంచు గడ్డి మట్టానికి అంగుళం కిందకి దించండి. అడుగున రంధ్రం ఉండి నీళ్ళు కంకరలోకి ఇంకాలి, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి.

మేడ మీదైతే ఎలా అని కూడా అడిగారు. కింద స్థలం ఉండగా మేడ ఎందుకండీ? ఎండాకాలం మధ్యాహ్నం ఈ గడ్డి మీద అరికాలు ఆనించలేం, మేడ మీద ఇంకా ఘోరం. నీళ్ళు చల్లినా కాసేపే. మా నాన్న పొద్దున ఏడులోపు, సాయంత్రం ఆరు దాటాక ఆడతారు.

గడ్డికి ఆర్డర్ ఇవ్వకముందే డస్ట్ మీద నాలుగు బకెట్ల నీళ్ళు పోసి, పావుగంట ఆగి ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. నీళ్ళు ఎక్కడ నిలిచాయో చూసి, ఎంత డస్ట్ కలపాలో చెప్తాను.