సమాధానం: ఆదివారం మనసు పనుల మీదికి పోకుండా

సహోదరా, ఆరాధన ముగిసి ఇంటికి రాగానే మనసు ఆఫీసు పనుల మీదికి పోతోందని, ఆదివారం సగమే దేవునికి దక్కుతోందని మీరు రాసిన బాధ నాకూ తెలిసినదే. దీనికి పరిష్కారం శనివారం సాయంత్రమే మొదలవుతుంది. నిర్గమకాండము 16వ అధ్యాయంలో ఇశ్రాయేలీయులు మరునాటి విశ్రాంతిదినం కోసం ఆరవ దినాననే, దేవుడు అరణ్యంలో ఇచ్చిన ఆహారమైన మన్నాను రెండంతలు కూర్చుకొన్నట్లు, మీరూ పంపవలసిన మెయిళ్లు పంపేసి, బట్టలు ఇస్త్రీ చేసుకొని, ఫోనును సొరుగులో పెట్టి పడుకోండి. మధ్యాహ్నాన్ని ఖాళీగా వదిలితే ఆ పనులే మళ్లీ వచ్చి కూర్చుంటాయి కనుక, ఉదయం విన్న వాక్యభాగాన్ని ఇంటివారితో కలిసి నెమ్మదిగా చదవండి. నేనైతే ఒక్కొక్క వచనం దగ్గర ఆగి, దాన్నే ప్రార్థనగా మార్చుకుంటాను. విశ్రాంతిదినాన్ని మనోహరమైనదిగా ఎంచమని యెషయా 58:13 చెబుతోంది, భారంగా కాదు. రోగిని చూడవలసి వస్తే మాత్రం సంకోచించకండి. యేసు ఊచచెయ్యి (ఎండిపోయిన చెయ్యి) గలవానిని బాగుచేసింది విశ్రాంతిదినాననే.