టెక్ సందేహాలు: క్యాలిక్యులేటర్‌కి స్పెల్లింగ్ చదవడం రాదు

ప్రశ్న: మా బావ అమెరికాలో చదివినప్పుడు కొన్న టీఐ-84 ప్లస్ గ్రాఫింగ్ క్యాలిక్యులేటర్ నాకిచ్చాడు. వర్గ సమీకరణం మూలాలు కనుక్కునే ప్రోగ్రామ్ రాశాను. చివర్లో ‘డిస్ప్ ఎక్స్’ (ఎక్స్ విలువ తెర మీద చూపించు) అని పెట్టినా ఎప్పుడూ సున్నాయే చూపిస్తోంది. క్యాలిక్యులేటర్ పాడైందా?
- ఇంజినీరింగ్ విద్యార్థి, కూకట్‌పల్లి

పాడవలేదు. ఆల్ఫా బటన్ నొక్కి డి, ఐ, ఎస్, పి, ఎక్స్ అని ఒక్కో అక్షరం కొట్టి ఉంటారు. దాని లెక్కలో అవి అయిదు చరరాశులు. పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి గుణించేసింది. ఐ, ఎస్, పిలలో మీరేమీ దాచలేదు, అందుకే సున్నా.

ఈ యంత్రంలో కమాండ్ అంటే అక్షరాల వరస కాదు, ఒకే ముక్క. మెనూ నుంచి తీసి పెట్టాల్సిందే. ప్రోగ్రామ్ ఎడిటర్‌లో ఉండగానే పీఆర్జీఎం బటన్ నొక్కి, ఐ/ఓ ట్యాబ్‌కి వెళ్తే మూడోది డిస్ప్, రెండోది విలువలు అడిగే ప్రాంప్ట్. ఇఫ్, దెన్, ఎండ్ లాంటివి సీటీఎల్ ట్యాబ్‌లో ఉంటాయి. ఎక్కడుందో గుర్తు రాకపోతే సెకండ్ (2nd) బటన్, తర్వాత సున్నా నొక్కండి. కేటలాగ్‌లో అన్నీ అక్షరక్రమంలో దొరుకుతాయి. సరిగ్గా పెట్టారో లేదో తెలియాలంటే కర్సర్ జరపండి: అసలు కమాండ్‌ని ఒక్క గెంతులో దాటేస్తుంది, అక్షరం అక్షరం ఆగితే అది మీ సొంత టైపింగే.

అది సరిచేశాక ఇంకో రెండు చోట్ల తడబడతారు, ఇప్పుడే చెబుతాను. సూత్రంలోని మైనస్ బి కోసం ఎంటర్ పక్కనున్న, బ్రాకెట్లలో మైనస్ ఉన్న బటన్ వాడండి. తీసివేత బటన్ నొక్కితే సింటాక్స్ ఎర్రర్ వస్తుంది. అప్పుడు భయపడి క్విట్ కొట్టకండి, గోటూ ఎంచుకుంటే తప్పున్న చోటికే తీసుకెళ్తుంది (నన్నడిగితే చాలా ఖరీదైన సాఫ్ట్‌వేర్లలోనూ ఇంత మర్యాద లేదు). విచక్షణి (వర్గమూలం గుర్తు లోపలి విలువ) రుణాత్మకమైతే ‘నాన్‌రియల్ ఆన్సర్’ అంటుంది. మోడ్‌లో రియల్ బదులు ఎ+బిఐ పెట్టండి, సంకీర్ణ మూలాలు వస్తాయి.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్‌లో అదే మోడల్ కొన్నాను. ఏ గ్రాఫ్ వేసినా ‘ఇన్‌వాలిడ్ డిమ్’ అంటోంది. సైన్ 30 కొడితే మైనస్ 0.988 వస్తోంది!
- పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్

పాత యజమాని స్టాట్ ప్లాట్ (జాబితాల్లోని డేటాని గ్రాఫ్‌గా గీసేది) ఆన్‌లో వదిలేశారు. వై= తెర పైవరసలో ప్లాట్1 నల్లగా మెరుస్తుంటే దాని మీదికెళ్లి ఎంటర్ నొక్కండి, ఆరిపోతుంది. సైన్ గొడవ రేడియన్లది. మోడ్‌లో డిగ్రీకి మార్చితే 0.5 వస్తుంది. ఇలా ఇంకేం వదిలారో వెతికే ఓపిక లేకపోతే సెకండ్, ప్లస్ నొక్కి రీసెట్‌లో డిఫాల్ట్స్ ఎంచుకోండి. పొరపాటున ఆల్ ర్యామ్ ఎంచుకుంటే ఆర్కైవ్‌లో (చెరగకుండా దాచుకునే మెమరీలో) లేని ప్రోగ్రాములన్నీ పోతాయి, జాగ్రత్త.

ప్రశ్న: ప్రోగ్రామ్ ఆగకుండా తిరుగుతూనే ఉంటే? బ్యాటరీలు తీసేయాలా?
- అల్వాల్

అక్కర్లేదు, ఆన్ బటన్ నొక్కితే చాలు, బ్రేక్ పడుతుంది. కొత్త బ్యాటరీలు వేశాక తెర ఖాళీగానో మరీ నల్లగానో ఉంటే సెకండ్ నొక్కి, పై బాణమో కింది బాణమో పట్టుకోండి, అది కాంట్రాస్ట్ సంగతి.

ప్రశ్న: మావాడు జేఈఈకి చదువుతున్నాడు, ఇలాంటిది కొనిపెట్టమంటారా?
- ఒక తండ్రి, అమీర్‌పేట

వద్దండీ. జేఈఈ మెయిన్‌లో ఏ క్యాలిక్యులేటర్‌నీ లోపలికి రానివ్వరు.