బాస్ దగ్గర్నుంచి మొదలుపెట్టు

చిట్టీ,

క్రిస్మస్‌కి హల్లెలూయా కోరస్ ప్రాక్టీసు పియానో మీద నువ్వే నడిపించాలని అమ్మ చెప్పింది. చాలా సంతోషమేసింది. నాలుగు వరుసలూ ఒక్కసారి చూస్తే కళ్ళు తిరుగుతున్నాయన్నావటగా, అందుకే ఇదంతా రాస్తున్నా.

పాటల పుస్తకంలో నాలుగు గొంతులూ, అంటే పైనుంచి కిందికి సొప్రానో, ఆల్టో, టెనర్, బాస్, రెండు స్టాఫ్‌ల (ఐదేసి గీతల పట్టీల) మీదే సర్ది ఉంటాయి. ఈ కోరస్‌లో ఒక్కో గొంతుకీ ఒక్కో స్టాఫ్. అడుగున ఉన్న పియానో భాగం వాయిస్తే చాలనుకోకు. 1741లో స్వరకర్త హెండెల్ ఆర్కెస్ట్రాకి రాసినదాన్ని పియానోకి కుదించి అక్కడ వేశారు. ఆల్టోలు దారి తప్పితే వాళ్ళ వరుస అందులో దొరక్కపోవచ్చు.

మనం ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు అందరం ఒకే వరుసలో పాడుకుంటూ పెరిగాం. కన్నూ చెవీ ముందు సొప్రానో మీదికే పోతాయి. ఆ అలవాటుని పట్టుబట్టి మార్చుకోవాలి. ప్రతి బీటుకీ కింద నుంచి పైకి చూడు. బాస్ గట్టిగా దొరికితే మిగతావి దాని మీద నిలబడతాయి.

అన్నిటికన్నా ఇబ్బంది పెట్టేది టెనర్. ట్రెబుల్ క్లెఫ్‌లో (పై స్వరాలకి స్టాఫ్ మొదట్లో వేసే గుర్తు) రాస్తారు, పాడేది ఒక ఆక్టేవ్, అంటే ఒక స్థాయి, కింద. క్లెఫ్ కింద చిన్న 8 అంకె కొన్ని పుస్తకాల్లో ఉంటుంది, కొన్నిట్లో ఉండదు. గీతల మధ్య మూడో ఖాళీలో కనిపించే సి స్వరం నిజానికి పియానో మధ్యలో ఉండే మిడిల్ సి. మొదటి ఏడాది నేను ఉన్నది ఉన్నట్టే వాయించి, మగపిల్లలు అందుకోలేక గొంతులు చించుకుంటుంటే వాళ్ళనే కోప్పడ్డాను. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధే. అందుకే ముందు వారం రోజులు టెనర్, బాస్ రెండే వాయించు. ఎడమచేత్తో బాస్, కుడిచేత్తో టెనర్. తర్వాత ఆల్టో, టెనర్ కలుపు. ఈ జతే అందరికీ కష్టం, ఎందుకంటే కాగితం మీద టెనర్ చుక్క ఆల్టో కంటే పైన కనిపిస్తూ, మోగేటప్పుడు కింద మోగుతుంది.

ఇంకో పని చెయ్యి. నీకు బాగా వచ్చిన ఒక పాట తీసుకుని నాలుగు స్టాఫ్‌ల మీదికి నీ చేత్తో ఎక్కించి రాయి. పది రోజులు చదివినా రానిది రాస్తే ఒక్క పూటలో వస్తుంది.

నాలుగూ కలిపి వాయించేటప్పుడు టెనర్ మామూలుగా ఎడమచేతిది. బాస్‌కి దూరమై చెయ్యి అందకపోతే కుడి బొటనవేలు తీసుకోవాలి. అలాంటి చోట్ల పెన్సిల్‌తో గుర్తు పెట్టుకో. అందనిది వదిలెయ్, తాళం మాత్రం ఆపకు. "అండ్ హీ షల్ రెయిన్" దగ్గర ముందు బాస్‌లు, తర్వాత టెనర్లు, ఆల్టోలు, చివర సొప్రానోలు ఎత్తుకుంటారు. అక్కడ ప్రతి ఎత్తుగడా గట్టిగా వినిపించు. వాళ్ళు ఊపిరి తీసుకునే చోట నువ్వూ తీసుకో.

ఆదివారం ఆరాధన అయ్యాక ఫోన్ చెయ్యి. మొదటి పేజీ చాలు, ఆల్టో నువ్వు పాడుతూ మిగతా మూడూ వాయించి వినిపించు.

ప్రేమతో,
అత్తయ్య