తలుపు పక్క కుర్చీలో కూర్చోకు

నాన్నా,

తాగుడు మానడానికి మీటింగులకి వెళ్దామనుకుంటున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఎవరో వింటారన్నట్టు గొంతు తగ్గించి మరీ చెప్పింది. నాకైతే పదిమందినీ పిలిచి చెప్పాలనిపించింది. ఫోన్ పెట్టేశాక మాత్రం టెన్షన్ మొదలైంది, అందుకే ఈ ఉత్తరం. పెద్దమ్మ చాదస్తం అనుకున్నా సరే, చివరిదాకా చదువు.

ముందు డాక్టర్ని కలువు. నువ్వు రోజూ తాగుతున్నావని నాకు తెలుసు, దాచకు. అలాంటి ఒళ్ళు తాగుడు ఒక్కసారిగా ఆగిపోతే తట్టుకోలేదు. వణుకు, చెమటలు మొదటిరోజే వస్తాయి. కొందరికి రెండు రోజుల్లోపు ఫిట్స్ వస్తాయి. రెండు మూడు రోజులకి లేనివి కనిపించడం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం మొదలైతే ప్రాణం మీదకే వస్తుంది. దానికి మందులున్నాయి. గది తలుపేసుకుని పౌరుషంగా మానేస్తానని కూర్చున్నావంటే నేనే వచ్చి తలుపు విరగ్గొడతాను. ఆ మాత్రలు మానేయమని మీటింగులో ఎవరైనా సలహా ఇస్తే నవ్వి ఊరుకో, అది డాక్టర్ చెప్పాల్సిన మాట.

మీటింగ్ వెతకడం పెద్ద పని కాదు. తాగుడు మానాలనుకునేవాళ్ళు ఒకరికొకరు తోడుండే ఆల్కహాలిక్స్ అనానిమస్, అదే అందరూ ఏఏ అంటారే, వాళ్ళ వెబ్‌సైట్‌లో ఊరిని బట్టి వివరాలుంటాయి, ఆన్‌లైన్ మీటింగులూ ఉంటాయి. ఓపెన్ అని ఉంటే ఎవరైనా రావచ్చు, క్లోజ్డ్ అంటే తాగుడు మానాలనుకునేవాళ్ళకే. నువ్వు రెండింటికీ వెళ్ళొచ్చు. ఫీజు లేదు. ఇంటిపేరు అడగరు. మాట్లాడమంటే "ఈరోజు వింటాను" అంటే చాలు. అక్కడ దేవుడి ప్రస్తావన వస్తుంది, నీకు ఎలా తోస్తే అలా అనుకోమంటారు. అదీ మింగుడుపడకపోతే స్మార్ట్ రికవరీ అని 1994లో మొదలైన ఇంకో పద్ధతి ఉంది, అందులో దేవుడి ఊసుండదు.

ఇక నా అసలు భయం. మీ పెదనాన్న మొదటిసారి వెళ్ళినప్పుడు ఆలస్యంగా వెళ్ళి, తలుపు పక్క కుర్చీలో కూర్చుని, అయిపోకముందే లేచి వచ్చేశాడు. ఇంటికొచ్చి "వాళ్ళంతా రోడ్డున పడ్డవాళ్ళే. నేను ఒక్కరోజైనా ఆఫీసు ఎగ్గొట్టానా? జీతం తెచ్చి నీ చేతిలో పెట్టడం లేదా?" అన్నాడు. ఆ మొహంలో ఎంత తెరిపి! పరీక్ష పాసై వచ్చిన కుర్రాడిలా ఉన్నాడు. ఆ రాత్రి ఇంకాస్త ధీమాగా తాగాడు. తనకన్నా పాడైపోయినవాళ్ళు ఎందరున్నారో లెక్కేసుకోడానికే వెళ్ళినట్టయింది. తర్వాత ఉద్యోగం పోయింది. లివర్ చెడింది. నేను అలాంటివాణ్ణి కాదు అని ఏవేవి చెప్పాడో అవన్నీ ఒక్కొక్కటే ఇంటికొచ్చాయి.

ఏళ్ళ తర్వాత మళ్ళీ వెళ్ళాడు, వేరే గ్రూపుకి. ఆ రోజు ఎవరు ఏం చెప్పారో నాకు చెప్పలేదు, చెప్పకూడదు కూడా. తన సంగతి మాత్రం చెప్పాడు. నేను లేవకముందే గ్లాసు కడిగి, చుక్క తడి లేకుండా పంచెతో తుడిచి, అంతకుముందు ఉన్నచోటే బోర్లించేవాడట. లోకంలో ఇలాంటి పని తనొక్కడే చేస్తున్నాడనుకున్నాడు. కాదని ఆ గదిలో తెలిసింది.

అందుకని ఒక్క మీటింగ్ చూసి తేల్చేయకు. గ్రూపుకో తీరు ఉంటుంది, కొన్ని తిరిగి చూడు. కొంచెం ముందే వెళ్ళు, ముందు వరసలో కూర్చో, అయిపోగానే పారిపోకు. ఫోన్ నంబర్లు చేతులు మారేది ఆ తర్వాతే. వాటిలో ఒకటి స్పాన్సర్‌ది, అంటే నీకన్నా ముందే మానేసి నీకు దారి చూపే మనిషిది, కావచ్చు. తాగాక కాదు, తాగాలనిపించినప్పుడే ఫోన్ చెయ్యి. అర్ధరాత్రి నిద్ర లేపానని మొహమాటపడకు. ఏఏ పుట్టిందే అలా. 1935లో అమెరికాలో ఆక్రన్ అనే ఊరికి పనిమీద వెళ్ళిన ఒకాయన, వచ్చిన పని చెడిపోయి, హోటల్లో బార్ వైపు మనసు లాగుతుంటే, ఇంకో తాగుబోతుతో మాట్లాడితే గానీ ఆగలేనని ఫోన్లు మొదలుపెట్టాడు. దొరికింది ఒక సర్జన్. పావుగంట కన్నా ఎక్కువ కూర్చోనన్న ఆ డాక్టర్ ఆరు గంటలకు పైగా కూర్చున్నాడు. వచ్చినాయన ఉపదేశమేమీ చెయ్యలేదు, తన గోడు చెప్పుకున్నాడు, అంతే.

మధ్యలో జారిపడితే మర్నాడే వెళ్ళు. సిగ్గుతో వారం ఆగావంటే ఆ వారమంతా తాగుతావు. నీ చెల్లెలి నిశ్చితార్థంలో నువ్వు చేసిన గొడవకి నీ చెంప పగలగొట్టాలనిపించింది, ఇప్పటికీ ఆ కోపం పోలేదు. ఆ రాత్రి నీ బూట్లు విప్పి పక్కకి తిప్పి పడుకోబెట్టింది కూడా నేనేరా. వాంతి గొంతుకి అడ్డం పడుతుందేమోనని తెల్లారేదాకా నీ పక్కనే కూర్చున్నాను.

మీ అమ్మ గురించి దిగులు పడకు. ఇంట్లోవాళ్ళ కోసం అల్-అనాన్ మీటింగులున్నాయి, 1951 నుంచీ నడుస్తున్నాయి. దాన్ని నేను తీసుకెళ్తాను.

ఏ రోజు, ఎన్ని గంటలకి వెళ్తున్నావో మెసేజ్ పెట్టు. వెళ్ళొచ్చాక "వెళ్ళాను" అని పెట్టు చాలు. అక్కడ ఎవరేం మాట్లాడారో నాకు చెప్పకు, నేను అడిగినా సరే.

పెద్దమ్మ