మహిళల ఫిగర్ స్కేటింగ్ సీజన్‌లో గట్టి పోటీదారులెవరో ముందే చెప్పగలమా?

వైజాగ్ శివాజీ పార్కు రింక్‌లో రోలర్ స్కేటింగ్ నేర్చుకునే మీ పాప ఇదే అడుగుతోందన్నారు. చాలావరకు చెప్పొచ్చండీ. పతకాల కన్నా స్కోరు షీట్లు చూడమనండి. జంప్ పక్కన ఇంగ్లిష్ ‘q’ (క్యూ) అక్షరం ఉంటే పావు చుట్టు తగ్గిందని అర్థం. అది మాటిమాటికీ కనిపిస్తే పెద్ద పోటీలో టెన్షన్ తప్పదు. అలాగని కష్టమైన జంపులే అన్నీ కావు: ట్రిపుల్ ఆక్సెల్ (ముందుకు ఎగిరి గాల్లో మూడున్నర చుట్లు తిరిగే జంప్) లేకుండానే జపాన్ స్కేటర్ కవోరి సకమొటో 2022, 2023, 2024ల్లో వరుసగా ప్రపంచ చాంపియన్ అయింది. ఆ వేగం, ఆ నిలకడ చూసి తీరాలి!

జూనియర్లలో మెరిసినవాళ్లను తొందరపడి లెక్కేయొద్దు, సీనియర్లకు కనీస వయసు ఇప్పుడు 17. గ్రాండ్ ప్రీ అనే అంతర్జాతీయ సిరీస్‌లోని ఆరు పోటీల్లో ఒక్కొక్కరికి గరిష్ఠంగా రెండే, పాయింట్లలో మొదటి ఆరుగురు ఫైనల్‌కి. రిటైరై తిరిగొచ్చినవాళ్లనూ వదలొద్దు. అమెరికా స్కేటర్ అలీసా లియూ అలాగే వచ్చి 2025 ప్రపంచ టైటిల్ కొట్టింది.