నీళ్ల ప్లాంటు ఎవరి చేతికివ్వాలి?

ప్రశ్న: ఇంజినీరు గారూ, మాది అరవై వేల జనాభా ఉన్న మున్సిపాలిటీ. గోదావరి కాలువ నీళ్లే ఆధారం. రోజుకు కోటి లీటర్ల ఫిల్టర్ ప్లాంటు మంజూరైంది. డిజైన్ మనం చేయించి, కట్టడానికి మాత్రం టెండర్ పిలుద్దామని కొందరంటున్నారు. డిజైను, నిర్మాణం, పదేళ్ల నిర్వహణ అన్నీ ఒకే కంపెనీకి అప్పగించే డీబీఓ పద్ధతి మేలని ఇంకొందరు. కౌన్సిల్లో నేను దేనికి ఓటెయ్యాలి?
– ఒక వార్డు కౌన్సిలర్

జవాబు: అమ్మా, నేనైతే డీబీఓకే చెయ్యెత్తుతాను.

సర్వీసులో ఉండగా ఒక ఊళ్లో డిజైన్ ఒకరు చేశారు, ఇంకొకరు కట్టారు. మడ్డిని అడుక్కి దించే క్లారిఫయ్యర్ ట్యాంకు అంచు మీంచి నీళ్లు చుట్టూ సమానంగా పొర్లాలి. ట్రయల్ రన్ రోజు ఒక పక్కే ధార కట్టాయి. ఆ ధారతో మడ్డి వెళ్లి ఫిల్టర్ బెడ్ల ఇసుక మీద పేరుకునేది. రోజుకు ఒక్కసారి చేయాల్సిన బ్యాక్‌వాష్ (నీళ్లు కిందినుంచి పైకి పంపి ఇసుకను కడగడం) మూడుసార్లు చేయాల్సొచ్చింది. కట్టడంలో లెవెల్ తప్పిందని డిజైనరు, డ్రాయింగ్ ప్రకారమే కట్టానని కాంట్రాక్టరు. నా టేబుల్ మీద ఉత్తరాలు పెరిగాయి గానీ నీళ్లు తేటపడలేదు. ఆ వానాకాలమంతా ఆడవాళ్లు బిందెల్లో పటిక తిప్పుకున్నారు. కట్టినవాడే పదేళ్లు నడపాలంటే ఆ లెవెల్ వాడే సరిచూసుకుంటాడు.

ప్లాంటు ప్రైవేటుపరమైపోతుందని ఎవరైనా అంటే భయపడకండి. ఆస్తీ, నీటి పన్నూ మున్సిపాలిటీవే.

అయితే టెండర్ కాగితం జాగ్రత్తగా రాయించాలి. కట్టే ఖర్చు ఒక్కటే చూసి తక్కువకు కోట్ చేసినవాడికి ఇవ్వొద్దు. పదేళ్ల కరెంటు, పటిక, క్లోరిన్ ఖర్చు కూడా కలిపి పోల్చాలి. నెలవారీ బిల్లు నీటి నాణ్యతను బట్టి చెల్లించాలి: తాగునీటికి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 10500 ప్రకారం మురికి 1 ఎన్‌టీయూ (నీటి మసకను కొలిచే యూనిట్) దాటకూడదు, కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. ఆ పరీక్ష కంపెనీ ల్యాబ్‌కే వదిలేయకుండా మీ కెమిస్టు కూడా చేయాలి.

గ్రాంటు కట్టడానికే వస్తే, పదేళ్లు నడిపే డబ్బు ఎక్కడిదో ఓటేసేముందే అడగండి. బిల్లు ఆగితే మొదట తగ్గేది పటికే.

ఇంకొకటి. వేసవిలో కాలువకు నీళ్లు ఆపేశాక మీ స్టోరేజ్ ట్యాంకులో నీళ్లు పాచిపట్టి పచ్చగా ఉంటాయి, ఆగస్టులో ఎర్రనీళ్లొస్తాయి. ఒక్క రోజు శాంపిల్ చూసి డిజైన్ చేస్తే రెండిట్లో ఒకదానికి ప్లాంటు పనికిరాదు. ఈ నెల నుంచే వారానికో సీసా పట్టించి పరీక్ష చేయించండి. ఏడాది రిపోర్టులన్నీ టెండర్‌కు జతచేయమని పట్టుబట్టండి.